పై వాటాలో తగ్గే రోగం

"ఆదివారం లోపల మీరు తేల్చకపోతే నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు మేడమ్. మామకు మందు పెట్టిన కోడలని పేరు పెట్టి మరీ గెంటేస్తారు."

వచ్చినామె కుర్చీ చూపించినా కూర్చోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, వాకిలి వైపు చూస్తూ నిలబడింది. పేరు ఝాన్సీ. నడికుడిలో పొద్దున్నే బస్సెక్కి నరసరావుపేట వచ్చి, స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు మీదున్న ఈ ఆఫీసు వెతికి పట్టుకునేసరికి ఎండ నెత్తికెక్కింది.

సుధీర్ మంచినీళ్ళు అందించాడు. అతను ఇక్కడ అసిస్టెంటు. ఆఫీసు మెహ్జబీన్‌ది. చాలాకాలం బీమా కంపెనీల తరఫున దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి. ఆడమనిషికి ఈ పనేంటని మొదట్లో నవ్విన వాళ్ళే ఇప్పుడు చాటుగా వచ్చి కేసులిచ్చి పోతున్నారు. ఆవిడంటే సుధీర్‌కు భక్తి. ఎంత భక్తంటే, ఆవిడ ఇంకెవరినైనా మెచ్చుకుంటే ఆ పూట అతనికి అన్నం సహించదు. ఈ సంగతి ఎవరికీ తెలియదనుకుంటాడు పాపం.

"మందంటే పెట్టుడు మందేనా?" అని అడిగింది మెహ్జబీన్.

"అదే మేడమ్."

పల్నాడులో ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. అన్నంలో ఏదో కలిపి పెడితే తిన్నవాడు పెట్టినవాళ్ళకు వశమైపోతాడని, ఆ మందు కడుపులో అంటుకుని మనిషిని పీల్చి పిప్పి చేస్తుందని నమ్మకం. దాన్ని కక్కించే వాళ్ళకూ కొదవ లేదు. చదువుకున్న వాళ్ళు పగలు నవ్వి, చీకటి పడ్డాక తీసుకుపోతుంటారు.

ఝాన్సీ చెప్పుకొచ్చింది. ఆమె మామ మరియదాసు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కొడుకులిద్దరూ కలిసి ఒకే ఇల్లు కట్టారు. కింద వాటా పెద్దవాడు జక్కయ్యది. అతను ఆటో తోలుతాడు. ఝాన్సీ అతని భార్య. పై వాటా చిన్నవాడు కృపాదానానిది. అతనికి చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లు ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. అతని భార్య నిస్సీ. అత్త పోయిన తర్వాత మామకు వంతులు పెట్టారు. ఒక నెల కింద, ఒక నెల పైన.

"పోయిన ఏడు నుంచి కింద నా వంతు వస్తే చాలు, ఆయనకు నీళ్ళ విరేచనాలు. మనిషి కరిగిపోతన్నాడు. పై వాటాకి పోయిన రెండో రోజుకే తగ్గుద్ది. మళ్ళీ నా దగ్గరికి వస్తే మొదలు. ఊరంతా ఏమనుకుంటది మేడమ్?"

"డాక్టరుకు చూపించారా?"

"ఊళ్ళో ఆరెంపీ గారు బిళ్ళలిచ్చాడు. నా వంటలోనే ఏందో ఉందన్నాడు. ఈమధ్య మా నిస్సీ ఆయన్ని పెదకూరపాడు దగ్గర మందు తీసే ఆమె కాడికి తీసుకుపోయింది. ఆమె పసరు తాగిచ్చి కక్కిచ్చి, వెంట్రుకల ఉండ ఒకటి చూపిచ్చింది. పెట్టింది ఇంట్లో మనిషే, మిగిలిన మందు ఇంట్లోనే ఉంది ఎతుక్కోమంది. నిన్న మా ఆయన ఎతికాడు. అటక మీద ఎండుచేపల డబ్బాలో నేపాళం గింజల మూట దొరికింది."

నేపాళం గింజ ఒక్కటి నూరి పెడితే చాలు, ఎంతటివాడైనా చెంబు పట్టుకుని పరుగెత్తాల్సిందే.

"నీవేనా?"

"బైబిల్ మీద చెయ్యేసి చెప్తా. ఆ గింజలు ఎట్టా ఉంటయ్యో నిన్ననే చూశా."

"ఆ డబ్బా అంతకుముందు ఎప్పుడు తెరిచావు?"

"శ్రమదినాలు మొదలైన కాణ్ణించి ఈస్టరు దాకా మేము నీసు ముట్టం. అప్పుడే మూతకు గుడ్డ కట్టి అటకెక్కిచ్చా."

"నిన్న ఇల్లు వదిలి ఎటైనా వెళ్ళావా?"

"పొద్దున ప్రార్థనకు పోయా, మామను తీసుకుని. తాళంచెవి ఎప్పట్లాగే పై వాటాలో ఇచ్చిపోయా."

ఆమె మెట్లు దిగిపోగానే సుధీర్ ఇక ఆగలేకపోయాడు. "చిన్న కోడలే మేడమ్. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది."

"తాళంచెవి ఉంటే మూట పెట్టొచ్చు. ఏడాది పాటు విరేచనాలు ఎలా పెట్టిస్తుంది? పైన తిన్నప్పుడు బాగానే ఉన్నాడుగా ముసలాయన. ఇవి రెండు కేసులు సుధీర్. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మూసెయ్యకు."

మెచ్చుకోలు దక్కకపోగా చీవాట్లు దక్కాయి. అతను మొహం ముడుచుకుని బండి తాళాలు తీసుకున్నాడు.

*

ఇల్లు నడికుడి జంక్షన్‌కు కూతవేటు దూరం. పక్కనుంచి పై వాటాకు నిటారుగా మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. అన్నదమ్ములు కట్టేటప్పుడు దానికి డబ్బు ఎవరు పెట్టుకోవాలో తేలక వదిలేశారట.

కింద వసారాలో నులక మంచం మీద మరియదాసు పడుకుని ఉన్నాడు. పట్టాలు మోసిన భుజాలు ఎముకలు తేలాయి. లేవబోయి కాళ్ళు నిలవక మళ్ళీ కూలబడ్డాడు.

"కాళ్ళలో సత్తువ లేదమ్మా. వంతెన కింద నీళ్ళు పోయినట్టు పోతయ్. కడుపునొప్పి లేదు. వట్టి నీళ్ళు, జిగట."

"తిన్న తర్వాతేనా?"

"తిన్నా అంతే, తినకపోయినా అంతే. మొన్న గుళ్ళో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. రెండు రోజులు అక్కడే పడుకున్నా. నీళ్ళు తప్ప మెతుకు ముట్టలా. అయినా ఆగలా."

"మందు లోపల అంటుకుపోయింది, అందుకే ఆగలా," అన్నాడు పక్కనే నిలబడ్డ జక్కయ్య. పెళ్ళాం వైపు చూడకుండా అన్నాడు. ఝాన్సీ తలుపు చాటుకు పోయింది.

"అంటుకుపోయిన మందు పైకి పోతే ఎందుకు తగ్గుతోంది?" అని అడిగింది మెహ్జబీన్.

జక్కయ్య అన్నీ తెలిసినట్టు మొహం పెట్టాడు.

ముసలాయన మాత్రం కొంచెం ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు. "ఎవరేమన్నా ఈ పిల్లను నేను అననమ్మా. ఝాన్సమ్మ లాంటి కోడలు ఈ జిల్లాలో లేదు. గుళ్ళో సాక్ష్యం చెప్పమన్నా అదే చెప్పా. ఎవరడిగినా అదే చెప్తా."

సరిగ్గా అప్పుడే నిస్సీ మెట్ల మీంచి దిగుతోంది. ఆ మాట చెవిన పడగానే ఆమె కాలు ఒక మెట్టు మీద ఆగింది. మొహంలో పెద్ద మార్పేమీ రాలేదు. పెదవులు మాత్రం లోపలికి మడిచింది. సుధీర్‌కు ఆ మొహం బాగా తెలుసు. మేడమ్ ఎవరినైనా పొగిడినప్పుడు తన మొహం అలాగే అవుతుందని అతనికి తట్టి, సిగ్గనిపించింది.

జక్కయ్య డబ్బా, మూట తెచ్చాడు. మూటను దొరికిన క్షణంలోనే పాలిథిన్ కవర్లో వేసి ముడేశాడు, ఆదివారం సంఘ పెద్దల ముందు పెట్టాలని. మెహ్జబీన్ ముందు డబ్బా మూత తీసింది. ఎండుచేపల వాసన గుప్పున కొట్టి సుధీర్ వెనక్కి తగ్గాడు. తర్వాత కవరు ముడి విప్పి, మూట తీసి వాసన చూసి, అతనికి అందించింది.

చేపల వాసన లేదు. ఇంకేదో ఉంది, తెలిసిన వాసనే. ఏమిటో వెంటనే గుర్తు రాలేదు. మూటకు కుట్టు వేసి ఉంది. కుట్టు ఎక్కడా తెగలేదు. మూట నిండా గింజలు గలగలమంటున్నాయి.

పై వాటా అద్దంలా ఉంది. నిస్సీ కుర్చీలు తుడిచి మరీ వేసింది. అడక్కముందే మొదలుపెట్టింది.

"నా ఇంట్లో ఆయన ఎట్టా ఉంటాడో ఊళ్ళో ఎవరినైనా అడగండి. కాచి చల్లార్చిన నీళ్ళు, కారం తక్కువ కూరలు. నా చేతి తిండి తిన్నన్నాళ్ళూ ఆయన రాయిలాగా ఉంటాడు. అయినా నోటికి ఝాన్సమ్మ పేరే. నా వంతు అయిపోయే రోజు పొద్దున్నే బట్టలు సర్దుకుని కూర్చుంటాడు. మందు పెట్టకపోతే అట్టా ఎందుకు చేస్తాడు? మీరే చెప్పండి."

"మీ ఇంట్లో ఉన్నప్పుడు ఆయన ఏమైనా మాత్రలు వేసుకుంటాడా?"

"విరేచనాలకు అవసరమే రాదు. ఈ మెట్లెక్కితే ఆయనకు మోకాళ్ళు పట్టేస్తయ్. దానికి ఆరెంపీ గారు నొప్పుల గొట్టం మాత్రలు రాసిచ్చాడు, రోజూ వేస్తా. కింద మెట్లు లేవు, గొట్టాలు అక్కర్లేదు."

"చూపిస్తారా?"

పిల్లల చేతికి అందకుండా వాటిని బీరువాలో పెట్టి ఉంచింది. తలుపు తెరవగానే చీరల మధ్యనుంచి కలరా ఉండల వాసన గదంతా పరుచుకుంది. సుధీర్ ఉలిక్కిపడి మేడమ్ వైపు చూశాడు. ఆవిడ మాత్రం ఆ గొట్టాల అట్టనే తిప్పి తిప్పి చూస్తోంది, దొంగ దొరికినట్టు.

కిందికి దిగి జక్కయ్యతో ఒకే మాట చెప్పింది. "విషమైతే పరీక్షలో దొరుకుతుంది. పెద్దల ముందు పెట్టడానికి మీకూ గట్టి సాక్ష్యం కావాలి కదా. రేపే ఆయన్ని గుంటూరు తీసుకెళ్దాం."

సాక్ష్యమనే మాటకు జక్కయ్య ఒప్పుకున్నాడు. దారిలో సుధీర్ కలరా ఉండల సంగతి ఊపిరాడకుండా చెప్పాడు.

"బాగా పట్టుకున్నావు," అంది మెహ్జబీన్. నరసరావుపేట వచ్చేదాకా అతనికి రోడ్డు మీద గతుకులు తెలియలేదు.

*

ఆ సంతోషం మర్నాటికి ఆవిరైంది. గుంటూరులో డాక్టర్ ఇర్ఫాన్ పేగుల సర్జను, పైగా మెహ్జబీన్‌కు పిన్ని కొడుకు. ఆవిడ అతనితో మాట్లాడేటప్పుడు కళ్ళు మెరుస్తున్నాయి. "ఎంత చక్కగా చెప్పావురా," అని రెండుసార్లు అంది. సుధీర్ కారిడార్లో నిలబడి ఆ డాక్టరుకు బట్టతల వస్తోందని గమనించి కొంత ఊరట పొందాడు.

కానీ ఇర్ఫాన్ కెమెరా గొట్టం తీసి చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది విన్నాక, ఆ అసూయ కూడా కాసేపు నోరు మూసుకుంది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కింద వాటా వసారాలో కూర్చున్నారు. పాస్టరు గారు, ఇద్దరు సంఘ పెద్దలు, అన్నదమ్ములు, తోడికోడళ్ళు. అంబులెన్సులో తెచ్చిన మరియదాసు మంచం మీద దిండుకు ఆనుకున్నాడు. సెలైను ఎక్కించిన చేతికి పట్టీ ఉంది. ఝాన్సీ అందరికీ దూరంగా గడప దగ్గర కూర్చుంది. ఆమె బట్టల సంచీ సర్ది పక్కనే పెట్టుకుని ఉంది. ఎవరో చెప్తే సర్దిందో, తనకు తానే సర్దుకుందో తెలియదు.

"మరియదాసు గారి కడుపులోకి విషం పోతున్న మాట నిజం," అంటూ మొదలుపెట్టింది మెహ్జబీన్.

జక్కయ్య తల పంకించాడు. నిస్సీ కళ్ళు పెద్దవి చేసింది.

"కానీ అది ఏ వంటింట్లోనూ తయారు కాలేదు. ఆయన గుళ్ళో రెండు రోజులు మెతుకు ముట్టలేదు. అప్పుడూ ఆగలేదు. తిండిలో ఉన్నదైతే తిండి మానేస్తే తగ్గాలి. తగ్గలేదంటే తయారయ్యే చోటు ఆయన లోపలే ఉంది. పెద్దపేగు చివర, గోబీపువ్వు లాంటి గడ్డ. డాక్టరు కెమెరాలో చూశాడు."

పెద్ద ఒకాయన, "పుట్టకురుపా? క్యాన్సరా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ముక్క పరీక్షకు పంపారు. చూపుకు ఇంకా ముదరలేదంటున్నారు. కోసి తీసేస్తే మనిషి దక్కుతాడు. ఇంకా కొన్నాళ్ళు పసర్లు తాగిస్తూ, వంతులు మారుస్తూ కూర్చుంటే దక్కడు."

"గడ్డ ఉంటే ఉండనీయండి. ఈ విరేచనాలకు, దానికి సంబంధం ఏంది?" అన్నాడు జక్కయ్య.

"ప్రోస్టాగ్లాండిన్లని ఒక జాతి రసాయనాలు ఉన్నాయి. మనందరి ఒంట్లోనూ అవి కొంచెం కొంచెం తయారవుతాయి. దెబ్బ తగిలితే వాపు, నొప్పి వాటి పనే. ఈ గడ్డ వాటిని కాస్త కాదు, కుండపోతగా చేస్తోంది. అవి పేగు గోడకు తగిలితే ఒంట్లో ఉన్న నీళ్ళు, ఉప్పులు పేగులోకి కారిపోతాయి. కాళ్ళకు సత్తువనిచ్చే పొటాషియం కూడా వాటితోనే పోతుంది. ఆయన లేవలేకపోయేది అందుకే."

కృపాదానం మొదటిసారి నోరు విప్పాడు. "మరి మా ఇంట్లో ఎందుకు తగ్గుద్ది మేడమ్? పైకి వచ్చేటప్పుడు ఆయన గడ్డను కింద వదిలి రాడుగా."

"ఈ కేసంతా ఆ ప్రశ్నే. పైకి మెట్లున్నాయి, మోకాళ్ళు నొప్పి, నొప్పికి గొట్టాలు. ఆ గొట్టాల పని ఏమిటో తెలుసా? ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపడం. మోకాలికని వేసింది పేగుకూ పనిచేసింది. కింద మెట్లు లేవు, గొట్టాలు లేవు, గడ్డ తన పని తాను చేసుకుంది. ఝాన్సీ వంట రోగం పెట్టలేదు. నిస్సీ వంట రోగం తగ్గించలేదు."

ఝాన్సీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. జక్కయ్య లేచి ఆమె వైపు ఒక అడుగు వేసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక గోడకు ఆనుకున్నాడు.

నిస్సీ మాత్రం కదల్లేదు. "నా వంట కాదా?" అంది. "నా చేతి తిండి తిని కాదా ఆయన బాగున్నది? ఆ గొట్టమా?"

"గొట్టమే. అది రోగాన్ని తగ్గించలేదు, దాచింది. ఒంట్లో నీళ్ళు లేనప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు ముప్పట. ఇక వెయ్యకండి."

ఆమె మొహం పాలిపోయింది. ఏడాదిగా ఊరి ముందు, దేవుడి ముందు ఆమెకున్న గొప్పంతా అదొక్కటే. సుధీర్‌కు జాలి వేసింది. రెండో కేసు విప్పే సమయం వచ్చిందని అతనికి తెలుసు. మేడమ్ అప్పుడు అతని వైపు చూసి, "నువ్వు చెప్పు," అంది. తన పేరు నిలబెట్టుకునే అవకాశం కోసం ఎన్నాళ్ళుగానో చూస్తున్నవాడికి, తీరా అది వచ్చేసరికి నిస్సీ మొహం చూడలేక మూట వైపు చూశాడు.

"మూట ఎండుచేపల డబ్బాలో దొరికింది," అన్నాడు. "ఆ డబ్బా శ్రమదినాల మొదటినుంచీ అటక మీద మూసే ఉంది. మూట అంతకాలం అందులో ఉంటే దానికీ కంపు పట్టాలి. ఒక పూటకు మించి ఉన్నా పట్టేది. దానికి చేపల వాసన లేదు, కలరా ఉండల వాసన ఉంది. కొన్నాళ్ళు చీరల బీరువాలో ఉండి, దొరికిన రోజు పొద్దున్నే డబ్బాలోకి వచ్చింది. నీసు ముట్టని రోజుల్లో ఆ డబ్బా ఎవరూ తియ్యరు కాబట్టి మూట మొదటినుంచీ అందులోనే ఉందనుకుంటారనే ధైర్యంతో పెట్టారు. ఆ ధైర్యమే పట్టించింది. కుట్టు కూడా తెగలేదు, అంటే ఒక్క గింజ కూడా వాడలేదు. ఆ పొద్దున తాళంచెవి..."

"నేనే పెట్టా," అంది నిస్సీ.

కృపాదానం, "ఏమే," అని లేచాడు. పాస్టరు గారు అతని భుజం పట్టి కూర్చోబెట్టారు.

"అక్క మందు పెట్టిందనే నమ్మా. ప్రమాణంగా నమ్మా. మందు పెట్టకపోతే ఈయన అక్కను అంతగా ఎందుకు తలుచుకుంటాడు? నా దగ్గర బాగుంటాడు, అక్క దగ్గర చావబోతాడు, మళ్ళీ అక్క అంటాడు. మందు తీసే ఆమె ఇంట్లోనే ఉందంది. ఉందని నాకు తెలుసు, దొరుకుద్దో లేదో తెలియదు. దొరకాలని సంతలో గింజలు కొని పెట్టా." "పిల్లప్పటినుంచి నేనేం చేసినా కానరాదు ఎవరికీ," అంది. ఆ మాట ఎవరితో అన్నదో ఆమెకే తెలియాలి.

అసూయకు కళ్ళుండవంటారు. నిజానికి వెయ్యి కళ్ళుంటాయి. అవతలివాళ్ళకు ఏది దక్కిందో అంతా చూస్తుంది, అది ఎందుకు దక్కిందో మాత్రం చూడదు.

అది చెప్పగలిగినవాడు ఆ వసారాలో ఒక్కడే ఉన్నాడు. మరియదాసు దిండు మీంచి ముందుకు వంగాడు.

"చిన్నమ్మాయ్, ఇట్టా చూడు. నీ వంట బాగోలేదని నేనెప్పుడన్నా అన్నానా? ఈ పెద్దమ్మాయి దగ్గర నేను మంచంలోనే పోయేవాణ్ణి. ఆపుకోలేకపోయేవాణ్ణి. పట్టాలు భుజాన మోసినవాణ్ణి, కోడలి ముందు అట్టా పడి ఉంటే చచ్చిపోదామనిపించేది. ఒక్క రోజు కూడా ముక్కు మూసుకోలా. దుప్పటి లాగి, నన్ను కడిగి, గుడ్డలు ఉతికి ఆరేసుకుని, 'మా ఆయనకు కూడా చెప్పను మావయ్యా' అనేది. ఆ రుణం ఎట్టా తీర్చను? పొగిడా. దొరికిన ప్రతివాడి ముందూ పొగిడా. సిగ్గుకి పొగిడా. నీ ఇంట్లో నాకు ఆ గతి రాలా. రాకపోతే నీకేమని దండం పెట్టను?"

నిస్సీ ఆయన వైపు చూస్తూ చూస్తూ నేల మీదికి జారి కూర్చుంది. ఏడుపు అప్పుడు వచ్చింది, ఆపుకోలేని ఏడుపు. ఆ పొగడ్తలు కూడా గడ్డ వల్ల వచ్చినవేనని, తన అసూయకు మూలమూ అదేనని ఆమెకు అర్థమైంది.

సంఘ పెద్దలు ఝాన్సీని క్షమాపణ అడిగారు. జక్కయ్య ఆమె సంచీ తీసి లోపల పెట్టాడు. ఆమె వద్దనలేదు, అతని మొహమూ చూడలేదు.

అంబులెన్సు డ్రైవరు తొందరపెట్టాడు. ఆపరేషనుకు మర్నాడే చేర్చుకుంటామన్నారు. ఆస్పత్రిలో రోగి దగ్గర ఒక్క మనిషినే ఉండనిస్తారు.

"నేను పోతా," అంది నిస్సీ, మొహం తుడుచుకుని.

అందరూ ఝాన్సీ వైపు చూశారు. ఆమె లోపలికి పోయి ఉతికి మడత పెట్టిన పాత పంచెలు కొన్ని తెచ్చి నిస్సీ చేతిలో పెట్టింది.

"నీమీద కోపం పోయిందనుకోమాక. చానా కాలం పోదు. ఆపరేషనైనాక ఆయనకు వారం పాటు ఇవి కావాల. సబ్బు ఎక్కువ వెయ్యబాక, ఒళ్ళు ఒరుసుకుపోద్ది. ఆయన సిగ్గుపడతాడు. నువ్వు మొహం తిప్పుకోకు."

నిస్సీ పంచెలు గుండెకు పట్టుకుని బండెక్కింది. మరియదాసు ఆమె వైపు ఒకసారి చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు.